నీలం దారి, ఆకుపచ్చ దారి

"తొమ్మిది, పది, పదకొండు" అని పైకే లెక్కపెట్టి, పీకిన కేబుల్‌ని మళ్ళీ దాని కన్నంలోకి టిక్కుమనేదాకా నొక్కాడాయన. సర్వర్ మీద చిన్న దీపం కాసేపు మిణుకుమిణుకుమని కుదుటపడింది. అట్ట మీదున్న కాగితంలో ఒక గీత పెట్టి, పక్క కేబుల్ పట్టుకున్నాడు. మళ్ళీ ఒకటి, రెండు, మూడు. వరసలో ఇరవై నాలుగు సర్వర్లు, ఒక్కోదానికి రెండేసి కేబుళ్ళు. పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండయ్యేసరికి వరస సగం అయింది. నడుం మాత్రం పూర్తిగా అయిపోయింది.

పదకొండే ఎందుకు, పది చాలదా అని అడిగినవాళ్ళున్నారు. ఒక దారి పోయిందని సర్వర్‌కి తెలిసి, తేరుకుని, రెండో దారి పట్టడానికి ఎంత ఆలస్యమైనా పది అంకెలకు మించదు. పదకొండోది ఆయన సొంతం. "మనిషికైనా ఊపిరి పీల్చుకోడానికి కాస్త టైమియ్యాలి కదా" అంటాడు.

ఆ డేటా సెంటర్లో ఆయన్ని అందరూ పీకుడు బాబాయ్ అంటారు. అసలు పేరు జీతం కాగితం మీదా, మెళ్ళో వేలాడే కార్డు మీదా తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. "ఏం పీకుతున్నావ్ బాబాయ్?" అని బయట ఎవరైనా అడిగితే తగువులాటే. అక్కడ మాత్రం అది కుశలప్రశ్న. "ముప్పై వేలు దాటాయి, లెక్క మర్చిపోయా" అని ఆయన జవాబు.

చెప్పుకోడానికి పెద్ద పనేమీ కాదది. హాలు ఆ చివర నల్లటి బీరువాల్లో డిస్కులుంటాయి, లోకంలోవాళ్ళ రాతకోతలన్నీ దాచుకునేవి. ఈ పక్క వరసల్లో వాటిని వాడుకునే సర్వర్లు. మధ్యలో వెంట్రుకంత గాజుపోగులున్న కేబుళ్ళు. ప్రతి సర్వర్ నుంచి డిస్కుల దగ్గరికి రెండు దారులుంటాయి. ఒకటి నీలం పెట్టె గుండా పోతుంది, రెండోది ఆకుపచ్చ పెట్టె గుండా. ఒకటి తెగినా రెండోది మొయ్యాలి. రెండు దారులూ ఉన్నాయని కంప్యూటర్ స్క్రీన్ మీద చూపిస్తుంది. నిజంగా ఉన్నాయో లేవో పీకి చూసేది ఈయన. కేబుళ్ళన్నీ చూడ్డానికి ఒక్కలాగే ఉంటాయి కాబట్టి చివర్లకు ప్లాస్టిక్ చీటీలు చుట్టి, వాటి మీద సర్వర్ నంబరు వేస్తారు. నీలం పెట్టెకి పోయేదానికి నీలం చీటీ, ఆకుపచ్చదానికి ఆకుపచ్చ చీటీ. ఆ చీటీలు చుట్టడమూ, కేబుళ్ళు పెట్టెల్లో గుచ్చడమూ కూడా ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. సర్వర్లు వాడుకునేవాళ్ళు రాకముందే ఈ చుట్టుళ్ళూ పీకుళ్ళూ అన్నీ ముగియాలి. వచ్చాక పీకితే కొంపలంటుకుంటాయి.

"ఇంకెన్ని బాబాయ్?" అంది పంపకాలమ్మ, బోర్లించిన పెట్టె మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని.

ఆవిడకి నలభై రెండేళ్ళు. ఇంకా రాని సర్వర్లకు కూడా ఎంతెంత డిస్కు ఇవ్వాలో ముందే కొలిచి, వాటాలు వేసి, పేర్లు పెట్టి సిద్ధం చేసి ఉంచడం ఆవిడ పని. ఏ కేబుల్ ఎక్కడ గుచ్చుకుని కనబడితే ఆ దారినే వాటా కట్టేసే ప్రోగ్రాం ఒకటి ఆవిడ దగ్గరుంది. శాలువా తల మీదుగా కప్పుకుని కూర్చుంటే డేటా సెంటర్లో ఉన్నట్టుండదు, రైలు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది.

"పన్నెండున్నాయి. నువ్వేమో పుట్టని పిల్లలకు ఆస్తులు రాసేస్తున్నావు తల్లీ."

"రాసిపెట్టకపోతే పుట్టగానే గుక్కపట్టి ఏడుస్తాయి. వాటికి వాటాలు, నాకు చీవాట్లు."

ఆయన నవ్వి, నడుం మీద చెయ్యి వేసుకుని వరస వెనక్కి వెళ్ళాడు. ముందువైపు చలి, వెనకవైపు ఉడుకు; అక్కడ పనిచేసేవాళ్ళకి రోజుకు ముప్పైసార్లు రుతువులు మారతాయి. పెళ్ళాం అల్లిన బూడిదరంగు స్వెట్టర్‌కి మోచేతుల దగ్గర రెండేసి అతుకులున్నాయి. దాన్ని ముందువైపు వేసుకోడం, వెనకవైపు విప్పి నడుముకు కట్టుకోడం, మళ్ళీ వేసుకోడం. ముప్పై ఎనిమిదేళ్ళ సర్వీసులో సగం ఈ వేసుకోడం, విప్పుకోడంలోనే గడిచిపోయింది కాబోలు అనిపిస్తుంది ఆయనకి ఒక్కోసారి.

ఇరవై ఒకటో ఏట రోడ్డు పక్క గోతుల్లో దిగి టెలిఫోను తీగలు లాగే పనిలో చేరాడు. గోతుల్లోంచి గదుల్లోకి వచ్చాడు. ఆయన జీవితంలో వచ్చిన ప్రమోషన్ అంటే అదే. బట్టలుతికే యంత్రమంత డిస్కుల్ని చూశాడు, అవి అరచేతిలోకి వచ్చేయడమూ చూశాడు. ఆయన పనిచేసిన ఏ గదికీ కిటికీ లేదు. గదుల్లోకి వచ్చాక పనిరోజుల్లో వాన మొదలవడం ఎప్పుడూ చూడలేదు, సాయంత్రం బయటికొచ్చాక తడిసిన రోడ్డు చూశాడంతే. పిల్లల్లేరు. అప్పుల్లేవు, ఆస్తుల్లేవు, తగాదాల్లేవు. ఆయన గురించి ఎవరైనా ఏదైనా చెప్పుకున్నారంటే ఒకటే మాట: బాబాయ్ సంతకం పెట్టిన వరస ఇంతవరకూ పడిపోలేదు. ఆ మాట ఆయన ముందర అంటే "ఆఁ, ఏదోలే" అని తల దించుకుంటాడు గానీ, ఆ ఒక్క మాట కోసమే మర్నాడు పొద్దున్న లేచి బస్సెక్కుతున్నాడు.

రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది. ఆ పదకొండు నెలలూ ఆ మాట చెడకుండా గడిస్తే చాలనేదే ఇప్పుడు ఆయనకున్న కోరికల్లా.

గడుస్తుందో లేదో అన్న బెంగ ఎందుకంటే, కళ్ళు.

వెనకవైపు చివరి ర్యాక్ దగ్గర ఆగి, ఎవరూ లేరని అటూ ఇటూ చూసి, కేబుళ్ళ గుత్తిలోకి చెయ్యి పెట్టాడు. అక్కడ మూరెడు నీలం దారానికి కట్టి వేలాడదీసిన చిన్న భూతద్దం ఉంది. పోయిన నెల తనే తెచ్చి కట్టాడు. నీలం పెట్టె ఉన్న ర్యాక్ అది, చుట్టూ అన్నీ నీలం చీటీలే. వాటి మధ్య నీలం దారం ఎవరి కంటా పడదని లెక్క. పీకుడు బాబాయ్ భూతద్దం పట్టుకున్నాడంటే సాయంత్రానికల్లా హాలంతా తెలిసిపోతుంది. ఒకప్పుడు గాజుపోగు చివర దుమ్ము రవ్వ ఉందో లేదో ఉత్త కంటితోనే చెప్పినవాడాయె.

నాలుగు నెలల కిందట ఒక్కడే కళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. పొర అయితే తీయించేసుకుందామనుకున్నాడు. పొర కాదు, లోపల నరం అన్నాడు డాక్టరు. పోయింది రాదు, ఉన్నది నిలుపుకోడానికి చుక్కలు వేసుకోవాలి. "ఏడాది కిందటే మొదలై ఉంటుంది, మీకు తెలిసుండదు. కొన్ని రంగులు కూడా కలిసిపోతాయి" అన్నాడు. ఏ రంగులో ఆయన అడగలేదు. చుక్కల సీసా సాక్సులో పెట్టుకుని, రోజూ పదకొండున్నరకి బాత్రూంలో వేసుకుంటున్నాడు. పెళ్ళానికి కూడా చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం సూదులు. ఆవిడ ఇంట్లో కూర్చుని బడిపిల్లల యూనిఫారాలకు అంచులు కుడుతుంది, కర్టెన్లు సరిచేస్తుంది. ఆవిడకి నలభయ్యో ఏటే చూపు తగ్గింది. అప్పటినుంచీ ఆయన పనికి బయల్దేరే ముందు ఆరు సూదులకు దారం ఎక్కించి దిండుకి గుచ్చి వెళ్తాడు. పంతొమ్మిదేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు. జ్వరం వచ్చినరోజు మంచం మీద కూర్చునే ఎక్కించాడు. ఇవాళ పొద్దున్న కూడా "నీలం మూడు, తెలుపు మూడు" అని ఆవిడ చెబితే, వెలుతురు కోసమన్నట్టు గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆవిడకి వీపు చేసి, ఎలాగో అలా ఎక్కించాడు. ఆవిడ దిండు వంక ఒకసారి చూసింది. "టీ చల్లారిపోతోంది" అంది అంతే.

మధ్యాహ్నం డబ్బా తెరిచి నాలుగు ముద్దలు తిన్నాడో లేదో నిన్నటికి సారు వచ్చాడు. ఆ హాలుకి మేనేజరాయన. ఏ పని చెప్పినా ఎప్పటికి కావాలి అని అడిగితే "నిన్నటికి" అంటాడని ఆ పేరు. చెడ్డవాడు కాదు. పైవాళ్ళు ఆయన్ని తరుముతారు, ఆయన వీళ్ళని తరుముతాడు.

"బాబాయ్, సంతకం పెట్టేసెయ్ ఇక. స్క్రీన్ మీద ఇరవై నాలుగింటికీ రెండేసి దారులు చూపిస్తోంది."

"పీకుళ్ళు నాలుగింటికల్లా అయిపోతాయి సార్. తర్వాత పెట్టె ఆపి చూడాలి."

"పెట్టె ఆపడం ఎందుకయ్యా మళ్ళీ? అరగంట దండగ. ఆదివారం పక్క హాల్లో నీలం పెట్టె ఆపి దాని సాఫ్ట్‌వేర్ మార్చాలి. రెండు గంటలు ఆకుపచ్చ దారి మీదే నడపాలి అంతా. ఆ హాలు వాడుకునే ఆసుపత్రివాళ్ళు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. మనుషులందరూ నాకక్కడ కావాలి. ఇక్కడ ఇవాళ ముగించెయ్."

"ముగిస్తా సార్. ఆపి చూసి ముగిస్తా."

ఒక్కో కేబుల్ పీకడం వేరు, పెట్టె మొత్తం ఆపడం వేరు. ఒక్కో కేబుల్ పీకినప్పుడు ఆ ఒక్క దారే పోతుంది. పెట్టె ఆపితే అన్ని సర్వర్లకీ ఒకేసారి నీలం దారి పోతుంది. ఆ పరీక్ష నెగ్గితే తప్ప ఆయన సంతకం పెట్టడు. ఆ విషయంలో ఎవరి పప్పులూ ఉడకవని నిన్నటికి సారుకీ తెలుసు. "అరిగిపోయిన రికార్డు నువ్వు" అని విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగింటికి పీకుళ్ళు అయ్యాయి. నలభై ఎనిమిదికి నలభై ఎనిమిది గీతలు. ఆయన చివరి ర్యాక్ దగ్గర నిలబడి నీలం పెట్టెకి కరెంటు తీసేశాడు. దాని ఫ్యాన్ల రొద మెల్లగా సన్నగిల్లి ఆగిపోయింది. చెవులు ఒక్కసారి ఖాళీ అయినట్టనిపించింది. పైకే లెక్కపెట్టాడు. పదకొండు దాకా వచ్చాడు.

"ఒకటి పడింది బాబాయ్" అంది పంపకాలమ్మ.

"ఏదీ?"

"పదిహేడు. మిగతావన్నీ నిలబడ్డాయి."

ఎవరూ వాడని సర్వరే, పడితే పోయిందేమీ లేదు. సర్వర్‌లోనే ఏదో లోపం అయ్యుంటుంది అనుకున్నాడు. అయినా అలవాటు కొద్దీ పదిహేడో సర్వర్ దగ్గర రెండు కేబుళ్ళనీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని వాటి వెంట నడిచాడు. పైకెక్కి, కప్పు కింది గూటిలో పడి, తోటి కేబుళ్ళతో కలిసి, మలుపు తిరిగి, కిందికి దిగాయి. రెండూ చేతిలోంచి జారకుండా చివరిదాకా వచ్చాయి. రెండూ నీలం పెట్టెలోకే దిగాయి.

వేళ్ళతో మళ్ళీ తడిమి చూసుకున్నాడు.

అందుకే స్క్రీన్ మీద రెండు దారులు చూపించింది. అందుకే ఒక్కోటీ పీకితే రెండోది మోసింది. రెండు దారులున్న మాట నిజమే. రెండూ ఒకే గుమ్మం గుండా పోతున్నాయి, అంతే. ఆ గుమ్మం మూసేస్తే సర్వర్‌కి ఇక దిక్కులేదు. ఆరు నెలల కిందట ఈ వరసకి చీటీలు చుట్టిందీ, కేబుళ్ళు గుచ్చిందీ తనే. ఇంకొకరి చెయ్యి పడలేదు.

భూతద్దం తీసి, టార్చి వేసి రెండు చీటీలూ చూశాడు. నంబరు పదిహేడు, స్పష్టంగా ఉంది. రంగు? రెండూ ఒక్కలాగే ఉన్నాయి. కళ్ళు చికిలించి చూశాడు. టార్చి దగ్గరగా పెట్టి చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. జేబుల్లో చీటీల చుట్టలున్నాయి. ఎడమజేబులో నీలం, కుడిజేబులో ఆకుపచ్చ. ఈమధ్య తికమక పడకుండా పెట్టుకున్న ఏర్పాటు. రెండూ తీసి నేల మీద పక్కపక్కన పెట్టి, పదిహేడో చీటీతో పోల్చి చూసి, మళ్ళీ నేల మీది చుట్టలవైపు తిరిగేసరికి ఏది ఏ జేబులోదో మర్చిపోయాడు.

దీన్ని సరిచెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. కేబుల్ పీకి ఆకుపచ్చ పెట్టెలో గుచ్చి, "వదులైంది, నొక్కాను" అంటే అయిపోతుంది. పంపకాలమ్మ అడగదు. నిన్నటికి సారు సంతోషిస్తాడు. పీకాడు కూడా. కేబుల్ చివర చేత్తో పట్టుకుని ఆకుపచ్చ పెట్టె ముందు నిలబడ్డాడు. పెట్టెలకి పేర్లు రాసున్నాయి కాబట్టి ఏది ఏదో తెలుస్తోంది. చెయ్యి చాపితే చాలు.

అప్పుడు పక్క హాలు గుర్తొచ్చింది.

పక్క హాల్లో చివరి రెండు వరసలు పోయినేడాది చివర్లో కలిపారు. వాటికీ చీటీలు తనే చుట్టాడు. అప్పటికే ఆ హాల్లో ఆసుపత్రి పని నడుస్తోంది కాబట్టి పెట్టె ఆపడం కుదరలేదు. ఒక్కో కేబుల్ పీకి చూసి, అంతవరకే చూశానని కాగితం మీద రాసి, మనసొప్పకపోయినా సంతకం పెట్టాడు. ఆదివారం అక్కడ నీలం పెట్టె ఆపుతారు. ఇక్కడ ఒకటి తప్పినవాడు అక్కడ తప్పలేదని ఎవరు చెప్పాలి? ఆదివారమైనా ఆసుపత్రికి సెలవుండదు.

చేతిలో కేబుల్ గుచ్చలేదు. దాని చివరకి టోపీ తొడిగి, దుమ్ము పడకుండా, అలాగే వేలాడనిచ్చాడు. నేల మీది చీటీ చుట్టలు రెండూ తీసుకుని ముందువైపుకి వచ్చాడు. చలి ఒక్కసారి మొహాన కొట్టింది. స్వెట్టర్ వేసుకోవాలని కూడా తోచలేదు, నడుముకున్నది విప్పి కుర్చీ మీద పడేశాడు.

"అమ్మా, ఇందులో నీలం ఏది?"

పంపకాలమ్మ తలెత్తి నవ్వింది. "ఏంటి బాబాయ్, నాకు పరీక్షా?" అని ఒకటి వేలితో తట్టింది. తర్వాత ఆయన మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది. ఆయన ఆ రెంటినీ అరచేతుల్లో పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

"ఎప్పట్నుంచి?" అందావిడ మెల్లగా.

"సారు దగ్గరికి వెళ్ళొస్తా" అన్నాడు.

నిన్నటికి సారు అద్దాల గదిలో రెండు ఫోన్లతో ఒకేసారి మాట్లాడుతున్నాడు. ఈయన్ని చూసి "అయిపోయిందా, సంతకం ఏదీ?" అని చెయ్యి చాపాడు.

"ఒకటి పడింది సార్. తప్పు కేబుల్‌ది కాదు, సర్వర్‌ది కాదు. నాది. నీలం ఏదో, ఆకుపచ్చ ఏదో నాకు తెలియట్లేదు. పక్క హాల్లో చివరి రెండు వరసలూ నేనే చుట్టా. అవి చూడకుండా ఆదివారం పెట్టె ఆపొద్దు."

సారు ఫోన్లు రెండూ బల్ల మీద పెట్టేశాడు. అలా పెట్టడం ఎవరూ చూసుండరు.

"ఎన్నాళ్ళనుంచి ఇది?"

"నాకు తెలిసి నాలుగు నెలలు. ఏడాదన్నాడు డాక్టరు."

"నాలుగు నెలలు తెలిసి కూడా..." అని ఆగిపోయాడు. కోప్పడదామనుకుని, ఓపిక లేక మానేసినవాడిలా కణతలు నొక్కుకున్నాడు. "ఇంకా పదకొండు నెలలే కదయ్యా నీకు. ఆగలేకపోయావా?"

"నేను ఆగుతా సార్. ఆదివారం ఆగదు."

మేనేజరు ఒక ఫోను తీసి, ఆదివారం పని వాయిదా అని చెప్పి, అవతలివాళ్ళ కేకలన్నీ కిమ్మనకుండా విన్నాడు. ఫోను పెట్టేశాక ఈయన వైపు చూడకుండా, "ఇవాళ్టినుంచి నువ్వు హాల్లోకి వెళ్ళకూడదు బాబాయ్. రూలు. చెప్పక తప్పట్లేదు" అన్నాడు.

"తప్పదు సార్."

"కాగితాల సంగతి నేను చూస్తా. ఏం చెయ్యగలనో నాకే తెలీదు."

నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. స్వెట్టర్ గుర్తొచ్చింది. హాలు తలుపు దగ్గరికి వెళ్ళి కార్డు ఆనించాడు. తలుపు కీచుమంది గానీ తెరుచుకోలేదు. కార్డు చొక్కాకి తుడిచి మళ్ళీ ఆనించాడు. మూడోసారి ఆనించబోయి ఆగాడు. మనుషులకంటే ముందే తలుపుకి కబురందింది. ఇన్నేళ్ళూ తలుపులు తెరుచుకుని లోపలికే వెళ్ళాడు కాబట్టి, తెరుచుకోని తలుపు ముందు ఎలా నిలబడాలో ఆయనకి తెలియలేదు.

పంపకాలమ్మ అద్దంలోంచి చూసి, లోపలినుంచి తెరిచి, స్వెట్టర్ తెచ్చి ఇచ్చింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఇంకేమైనా ఉన్నాయా బాబాయ్ లోపల? తెచ్చిస్తా."

భూతద్దం గుర్తుంది. అయినా ఆ మాట చెప్పడానికి మొహం చెల్లలేదు.

"ఏం లేవమ్మా. పదిహేడో కేబుల్‌కి టోపీ పెట్టా. గుచ్చేముందు తుడవండి."

బస్టాపులో వచ్చిన బస్సు నంబరు కోసం కళ్ళు చికిలించడం మానేసి, పక్కనున్నాయన్ని అడిగాడు. ఆయన చెప్పాడు. అంత తేలికైన పని నాలుగు నెలలుగా ఎందుకు చెయ్యలేదో అర్థం కాక, కిటికీ పక్క సీట్లో కూర్చుని నిద్రపోయాడు.

ఆ సాయంత్రం పెళ్ళానికి ఏమీ చెప్పలేదు. తలనొప్పిగా ఉందని పడుకున్నాడు. ఆవిడా తరిచి అడగలేదు.

మర్నాడు పొద్దున్న ఎప్పటి టైముకే మెలకువొచ్చింది. స్నానం చేసి, చొక్కా వేసుకుని, సూదుల దిండు ముందు కూర్చున్నాడు. బయల్దేరాల్సిన బస్సు వీధి చివర మలుపు తిరిగి వెళ్ళిపోయింది. ఆయన లేవలేదు. ఆవిడ బస్సు చప్పుడు విని వంటగదిలోంచి వచ్చింది.

"ఏవండీ, ఒంట్లో బాలేదా?"

"కళ్ళు బాలేవు" అన్నాడు. తర్వాత అంతా చెప్పాడు. డాక్టరు, చుక్కలు, పదిహేడో నంబరు, తెరుచుకోని తలుపు. చెప్పడం అయ్యాక తల దించుకుని కూర్చున్నాడు.

ఆవిడ ఎదురుగా చతికిలబడి, దిండు దగ్గరికి లాక్కుంది. నిన్నటి సూదుల్లో వాడనివి రెండు దానికే గుచ్చి ఉన్నాయి.

"ఇవేం రంగు?"

"నీలం. నువ్వడిగావుగా."

"ఆకుపచ్చ. ఆర్నెల్లుగా నీలం అడిగితే ఆకుపచ్చ ఎక్కించి పోతున్నారు. మీరటు వెళ్ళగానే ఇవన్నీ పీకి మళ్ళీ నేనే ఎక్కించుకోలేక తల ప్రాణం తోకకొస్తోంది. నాకు కనబడి ఛస్తేగా!"

"మరి చెప్పలేదేం?"

"మీరు చెబుతారేమో అని చూశా." ఆవిడ గొంతులో కోపం ఉంది. ఆ కోపం వెంటే కళ్ళనీళ్ళు వచ్చేశాయి. "అన్నాళ్ళు ఒక్కరే ఎలా మోశారండీ? నేను లేనా?"

పంతొమ్మిదేళ్ళు ఆవిడకి తన కళ్ళు ఇచ్చాననుకున్నాడు. ఈ ఆరు నెలలూ ఆవిడ ఆయన తప్పుల్ని ఒక్కొక్కటే పీకి, సరిచేసి, ఏమీ ఎరగనట్టు టీ చల్లారిపోతోందని చెబుతూ వచ్చింది. ఆయన ఏడ్చాడు. పెద్దగా ఏమీ కాదు, చొక్కా చెయ్యితో తుడుచుకునేంత.

అంతలో ఫోను మోగింది. పంపకాలమ్మ.

"బాబాయ్, పక్క హాల్లో చివరి రెండు వరసలూ నలుగురం కలిసి కేబుళ్ళ వెంట చెయ్యి పెట్టి నడిచాం, మీరు నడిచినట్టే. మూడు దొరికాయి."

"మూడేనా? ఇంకోసారి చూడండి."

"రెండుసార్లు చూశాం. మూడే. అందులో ఒకటి ఆసుపత్రి ఎమర్జెన్సీది. అన్నీ సరిచేశాం. మీరు పడుకోండి బాబాయ్."

ఫోను పెట్టేశాడు. మూడు అన్న అంకె చాలాసేపు నోట్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళూ ఆయన గురించి చెప్పుకున్న మాట ఇక ఎవరూ చెప్పుకోరు. అది తెలిసే నిన్న నోరు విప్పాడు. తెలిసినా బాధ బాధే.

పెళ్ళాం రీలు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. ఒక రీలు తీసి ఆయన చేతిలో పెట్టి "ఇది నీలం" అంది. సూది ఆయన పట్టుకున్నాడు. దారం చివర ఆవిడ పట్టుకుంది. ఇద్దరూ వెలుతురులోకి జరిగి, తలలు దగ్గరగా పెట్టి, నాలుగుసార్లు తప్పి అయిదోసారి ఎక్కించారు.

"అన్నట్టు, పోయిన నెల మూరెడు నీలం దారం కావాలని తుంపుకుని వెళ్ళారు. దేనికండీ?"

"భూతద్దం కట్టుకోడానికి. అక్కడే ఉండిపోయింది."

"అది కూడా ఆకుపచ్చదే" అందావిడ, ముడి వేస్తూ.

ఆయన ఆవిడ వంక చూసి, ఇంకో సూది అందుకున్నాడు.

హాల్లో చివరి ర్యాక్ వెనక, గుత్తిగా ఉన్న నీలం చీటీల మధ్య, అటు వచ్చినవాళ్ళెవరికైనా ఇట్టే కనబడేలా, మూరెడు ఆకుపచ్చ దారానికి వేలాడుతూ, వేడిగాలికి మెల్లగా అటూ ఇటూ తిరుగుతూ ఉంది భూతద్దం.